నోరు తెరువు, అన్నయ్యా

ఇంకా తెరువు. ఇంకా పెద్దగా. ఏం, మార్కెట్ యార్డులో గంపల మధ్య నిలబడి వేలంపాట పాడేటప్పుడు కొండచిలువలా తెరుస్తావుగా, ఇక్కడ మాత్రం అగ్గిపెట్టెలా ఇంతేనా?

ఆఁ, అదీ. అలాగే ఉంచు. ఈ రబ్బరు దిమ్మని కుడిపక్క పళ్ళ మధ్య పెడుతున్నా, కొరికి పట్టుకో. దవడ అలిసిపోకుండా కాస్తుంది. నోరు మూతపడకుండా కాస్తుంది. మాట రాకుండా కూడా కాస్తుందనుకో, అది నాకు కొసరు.

తల ఊపకు అన్నయ్యా, సూదిమందు ఇప్పుడేగా ఇచ్చాను. పెదవి మొద్దుబారాలి, నాలుక ఎడమసగం మొద్దుబారాలి. పది నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా నేను మాట్లాడతా, నువ్వు వింటావు. నాకు ముప్ఫై తొమ్మిదేళ్ళు వచ్చాయి. మన ఇద్దరి మధ్యా ఇలా జరగడం ఇదే మొదలు.

కళ్ళు అంత పెద్దవి చేస్తావేం? భయమా? నీకా! నువ్వు గొంతెత్తితే లారీ డ్రైవర్లు హారన్ మానేస్తారంటావే! నీకు పంటి డాక్టరు ఒక లెక్కా? "పళ్ళు పీకుడమ్మ" కదూ నువ్వు నాకు పెట్టిన పేరు? మీ హమాలీలకి కూడా నేర్పావు. మొన్నొకాయన బుగ్గ పట్టుకుని మెట్లెక్కి వచ్చి, "పళ్ళు పీకుడమ్మగారు ఉన్నారాండీ?" అని అడిగాడు. గారు కలిపాడు పాపం. మర్యాద తెలిసినవాడు.

సరే, ఇటు చూడు. ఇది నీ ఎక్స్‌రే. తెల్లగా కనిపించేవి బాగున్న పళ్ళు. ఈ మధ్యలో నల్లటి గుహ ఉందే, అది నీ ఎడమ దవడలో కింద పెద్ద పన్ను. పన్ను అనడం కూడా మర్యాదకే. చుట్టూ గోడలు నిలబడి ఉన్నాయి, లోపల ఇల్లు లేదు. కింద వేరు చివర ఇంకో నల్ల బుడగ ఉంది చూశావా? అక్కడ ఉండాల్సిన ఎముకని చీము తినేసింది.

"పన్నుకి పురుగు పట్టింది" అని వదినతో అన్నావట. ఏ పురుగు? ఎవరైనా చూశారా దాన్ని? తోకుందా, మీసాలున్నాయా? పురుగూ లేదు, పుట్రా లేదు. నీ జేబులో గొంతు బిళ్ళలున్నాయి, అంతే.

నవ్వకు, దిమ్మ జారుతుంది.

రోజుకి ఎన్ని చప్పరిస్తావు? వదిన అయితే పాతిక దాకా అంది. తెల్లారగట్ల యార్డులో అడుగు పెట్టగానే ఒకటి. టమాటాల పాట అయ్యాక ఒకటి. వంకాయలకొకటి, ఉల్లిపాయలకి రెండు. గొంతు నీ తిండి కదా, దాన్ని కాపాడుకోవాలి, కాదనను. కానీ ఆ బిళ్ళలో మందు ఆవగింజంత ఉంటే పంచదార కొండంత. నోట్లో మనందరికీ సూక్ష్మజీవులుంటాయి. నాకూ ఉన్నాయి, చంటిపిల్లకీ పళ్ళు రాగానే వచ్చి చేరతాయి. వాటికి నువ్వు పంచదార పెడితే అవి తిని ఊరుకోవు. తిన్నదాన్ని పులిపించి పంటి మీద పోస్తాయి. ఆ పులుపు పన్నుని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

అయినా భగవంతుడు దయగలవాడు, ఉమ్మి ఇచ్చాడు. నువ్వు ఊరుకుంటే చాలు, ఓ అరగంటకో గంటకో ఉమ్మి వచ్చి ఆ పులుపుని కడిగేసి, కరిగినదాన్ని మళ్ళీ పూడుస్తుంది. కష్టపడి పనిచేసే ఇల్లాలి లాంటిది. కానీ నువ్వు ఊరుకుంటేనా? అది గిన్నెలు తోముతూనే ఉంటుంది, నువ్వు ఎంగిలి గిన్నె తెచ్చి వేస్తూనే ఉంటావు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇరవై ఏళ్ళు! ఏ ఇల్లాలైనా ఒకరోజు విసిగి చేతులెత్తేస్తుంది. వదిన ఇంకా ఎందుకు ఎత్తలేదో నాకు తెలీదు.

పెదవి బరువెక్కుతోందా? ఇంకా లేదా? సరే.

మొదట తెల్లటి మచ్చ వస్తుంది. గోడకి సున్నం పెచ్చు లేచినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు, ఎందుకంటే పై పొరకి ప్రాణం లేదు. మన ఒంట్లో దానంత గట్టిది ఇంకోటి లేదు, దానంత మూగదీ లేదు. కరిగిపోతున్నా చెప్పదు. తర్వాత మచ్చ గోధుమరంగుకి తిరుగుతుంది, సూదిమొనంత బొక్క పడుతుంది. ఆ బొక్కలోంచి లోపలికి దిగాక కింద ఉన్నది మెత్తటి పొర. ఇంక అక్కడ దానికి అడ్డేముంది? పక్కలకి తవ్వుకుంటూ పోతుంది. పైన చూస్తే గుండుసూది పట్టే చిల్లు, లోపల చూస్తే గోదాము.

అప్పుడు పన్ను మొదటిసారి నోరు విప్పి చెప్తుంది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటుంది. నీకు జివ్వుమందిగా? నువ్వేం చేశావు? చల్లనీళ్ళు మానేశావు.

రెండోసారి నరం దాకా వెళ్ళాక చెప్తుంది. పంటి మధ్యలో ఒక ఇరుకు గది ఉంటుంది. నరం, నెత్తురు గొట్టాలు అన్నీ అందులోనే. మామూలు చోట దెబ్బ తగిలితే వాచడానికి జాగా ఉంటుంది. దీనికి చుట్టూ రాతిగోడలు, వాచడానికి చోటేదీ? అందుకే ఆ సలుపు. పడుకుంటే నెత్తురు తలకి చేరి ఇంకా ఎక్కువవుతుంది. నువ్వు ఇరవై రోజులు కుర్చీలో కూర్చుని నిద్రపోయావట. గోడకి తల కొట్టుకున్నావట. అప్పుడైనా ఈ మెట్లెక్కావా? లేదు. యార్డు గేటు పక్క మందుల షాపువాడి దగ్గరికి వెళ్ళావు. వాడు నొప్పి బిళ్ళలిచ్చాడు. నీకు బిళ్ళలంటే ప్రాణం కదా, అవీ వేసుకున్నావు.

చెల్లెలు డాక్టరై ఉండగా వాడి దగ్గరికెందుకు వెళ్ళావని అడగను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా.

ఆ తర్వాత ఒకరోజు నొప్పి పోయింది. ఠక్కుమని ఆగిపోయింది! ఎంత సంబరపడ్డావు నువ్వు! ఆ ఆదివారం మీ ఇంట్లో భోజనాలకి కూర్చున్నప్పుడు అందరి ముందూ చెప్పావు. "పన్ను దానంతటదే నయమైపోయింది. డాక్టర్లు మనల్ని భయపెట్టి బతుకుతారు గానీ, ఒంటికి ఓపిక పడితే అన్నీ అవే సర్దుకుంటాయి." అని నా వైపు చూసి కన్ను కొట్టావు. అందరూ నవ్వారు.

నయమవలేదు అన్నయ్యా. చచ్చిపోయింది. నరం చచ్చిపోయింది. కొట్టి కొట్టి తలుపు దగ్గర మనిషి పడిపోతే, చప్పుడు ఆగిందని లోపల నువ్వు పండగ చేసుకున్నావు.

మూడోసారి పన్ను చెప్పలేదు. చెప్పడానికి ప్రాణమేది? చీము చెప్పింది.

ఏమిటి, ఆ చేతి సైగ? పెదవి మొద్దుబారిందా? సూదితో తడుతున్నా, చెప్పు. ఇక్కడ? ఇక్కడ? మంచిది, పట్టింది. సిస్టర్! పనిముట్లు తీసుకొచ్చేయండి. ఈయన మంచి జోరు మీదున్నాడు.

సిస్టర్‌కి చెప్పలేదుగా నేను. వినండి సిస్టర్, పోయిన గురువారం యార్డులో ఏం జరిగిందో. ఈయన బీరకాయల గంపలు పాడుతున్నాడు. "ఒకటోసారి!" అన్నాడు. అంతే. "రెండోసారి" రాలేదు. దవడ బిగుసుకుపోయింది. వ్యాపారులేమో ఈయన పాట పెంచడానికి ఊరిస్తున్నాడనుకుని ఒకడి మీద ఒకడు రేటు పెంచుకుంటూ పోయారట! ఈయన చెయ్యి ఊపుతుంటే ఇంకా పెంచమంటున్నాడనుకున్నారు. బీరకాయల చరిత్రలో అంత రేటు ఎన్నడూ పలకలేదట. చివరికి ఎవరో ఈయన బుగ్గ చూసి, "అయ్యో, పెద్దాయన మొహం చూడండ్రా" అంటే అప్పుడు తెలిసింది.

నవ్వండి సిస్టర్, పరవాలేదు. ఆయన కూడా నవ్వుతాడు, రేపు వాపు తీశాక.

వదిన తీసుకొచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాలేదు. బుగ్గ మీద చెయ్యి పెడితే పెనంలా కాలుతోంది. గడ్డం కిందికి దిగిపోయింది వాపు. ఉమ్మి మింగలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నావు. నేను చిగురు కోసి చీము తీసి, అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పంపాను. అక్కడి సర్జను ఫోన్ చేసి, "ఒక్కరోజు ఆలస్యమైతే గొంతు మూసుకుపోయేదండీ, మెడకి చిల్లు పెట్టి ఊపిరి ఆడించాల్సొచ్చేది" అన్నాడు. గొంతు! ఏ గొంతు కోసం పాతిక బిళ్ళలు చప్పరించావో, ఆ గొంతే.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదీ.

సరే, ఇక మాటలు చాలు. సిస్టర్, తల పట్టుకోండి. అన్నయ్యా, నొప్పి ఉండదు, ఒత్తిడి తెలుస్తుంది. చప్పుడు వినిపిస్తుంది. భయపడకు, చప్పుడు పన్నుది, నీ ఎముకది కాదు. ముక్కుతో ఊపిరి పీల్చు. కాళ్ళు కింద పెట్టు, కాళ్ళతో పనిలేదు మనకి.

కదులుతోంది... ఇంకాస్త... కుర్చీ చెయ్యి పట్టుకో, నా చెయ్యి కాదు, నా చెయ్యి పట్టుకుంటే నేనెలా తీస్తాను? ఆఁ... విరిగింది. పై చిప్ప విరిగింది, అనుకున్నదే. పుచ్చిపోయిన గోడలు నిలబడతాయా? వేర్లు విడిగా తీస్తా. ఒకటి వచ్చింది. అదిగో. సిస్టర్, ఆ గొట్టం ఇటు. ఇంకోటి... వచ్చేసింది.

అయిపోయింది అన్నయ్యా. అయిపోయింది. కళ్ళు తుడుచుకో.

దిమ్మ తీస్తున్నా. ఈ పత్తి ఉండని ఆ గుంట మీద పెట్టి కొరుకు. గట్టిగా. అరగంట. నోరు తెరిస్తే నెత్తురు ఆగదు. ఉమ్మకు, మింగేయ్. మాట్లాడకు. ఏం చెప్పాలన్నా అరగంట తర్వాతే.

సిస్టర్, మీరు భోజనానికి వెళ్ళండి. బయట బల్ల మీద వదిన ఉంటుంది, అయిపోయిందని, బాగానే ఉన్నాడని చెప్పండి. లోపలికి ఇప్పుడే వద్దు, నేను పిలుస్తానని చెప్పండి.

తలుపు వేసి వెళ్ళండి.

...

ఇదిగో, నీ పన్ను. ట్రేలో పెట్టాను, చూసుకో. నల్లగా ఉన్నదంతా పిప్పి. వేరు చివర వేలాడుతోందే చిన్న తిత్తి, అది చీముది. దీన్ని కాపాడే వీలుండేది. నరం తీసి, లోపల శుభ్రం చేసి, నింపి, పైన తొడుగు వేసేదాన్ని. ఏడాది కిందట అయితే. రెండేళ్ళ కిందట అయితే నరం జోలికి కూడా వెళ్ళక్కర్లేదు. మూడేళ్ళ కిందట అయితే పది నిమిషాలు. ఉత్త పది నిమిషాలు. సూది కూడా అక్కర్లేదు.

మూడేళ్ళ కిందట ఈ గదిలోనే ఉన్నావు నువ్వు. గుర్తుందా? ఈ క్లినిక్ తెరిచిన రోజు.

తెల్లచొక్కా వేసుకొచ్చావు. మెట్ల మీదంతా జనం. మా కాలేజీ వాళ్ళు, కింద చెప్పుల షాపు వాళ్ళు, మీ యార్డు వాళ్ళు. నిన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నీకు రెండు మాటలెక్కడ సరిపోతాయి? ఈ దీపం కింద నిలబడి మొదలెట్టావు. "మా చెల్లెల్ని నేను గుండె డాక్టర్ని చేద్దామనుకున్నానండీ. నాలుగు మార్కులు తగ్గాయి. గుండె దాకా వెళ్దామని బయల్దేరిన పిల్ల, నోటి దగ్గరే ఆగిపోయింది!"

మంచి జోకే. ఇప్పుడు విన్నా మంచి జోకే. మా ప్రొఫెసరుగారు కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వారు.

నాకు తెలుసు అన్నయ్యా. నాన్న పోయినప్పుడు నీకు పదిహేడేళ్ళు. నువ్వు పుస్తకాలు కట్టేసి యార్డుకెళ్ళావు, నేను చదువుకోవాలని. నీ గొంతు అరిగితే నా చదువు సాగింది. యార్డులో అందరికీ "మా చెల్లెలు పెద్ద డాక్టరవుతుంది" అని ముందే చెప్పేసుకున్నావు. ఆ నాలుగు మార్కులు నాకన్నా నీకే ఎక్కువ గుచ్చుకున్నాయి. అదంతా తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మండకుండా ఉంటుందా?

అందరికన్నా గట్టిగా నువ్వే నవ్వావు. తల వెనక్కి వేసి, నోరు బార్లా తెరిచి. ఈ దీపం సరిగ్గా నీ నోట్లో పడింది.

నేను చూశాను.

ఎడమ దవడ, కింద పెద్ద పన్ను. గాడిలో గోధుమరంగు గీత, చుట్టూ తెల్లగా. ఇంతే ఉంది. నువ్వుగింజ అంత. నా పక్కన కొత్త కుర్చీ ఉంది, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు దానికి. "అన్నయ్యా, ఇలా కూర్చో ఒకసారి" అంటే అయిపోయేది. నోటి దాకా వచ్చింది మాట.

మింగేశాను. "నవ్వుకో అన్నయ్యా, ఎన్నాళ్ళు నవ్వుతావో" అనుకున్నాను.

కూర్చో! లేవకు. పత్తి కదులుతుంది. నెత్తురు కారుతుంది చూడు. కొరుకు గట్టిగా. ఆఁ. అలా.

ఒక్కసారే అయితే కోపంలో ఉన్నానని సర్దిచెప్పుకునేదాన్ని. మరుసటి ఎండాకాలం మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను, నువ్వు చల్లటి నీళ్ళగ్లాసు నోటికి కుడివైపు పెట్టుకుని తాగుతున్నావు. పంటి డాక్టరుకి అది చాలు. ఏమీ అనలేదు. వదినతో వాతావరణం గురించి మాట్లాడాను.

ఇక ఆ ఆదివారం. పన్ను నయమైందని నువ్వు కన్ను కొట్టిన ఆదివారం. నొప్పి ఆగిందంటే ఏమిటో, ఇక ముందు ఏం జరగబోతోందో, ఆ బల్ల చుట్టూ కూర్చున్న పదిమందిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వి, ఇంకోసారి వడ్డించుకున్నాను.

నువ్వు ఎలాగూ వినేవాడివి కాదు, చెప్పినా "పళ్ళు పీకుడమ్మ పిలుస్తోందర్రా" అని ఇంకో జోకు వేసేవాడివి, అని ఈ వారం రోజులూ నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమే కూడా. వినేవాడివి కాదు. కానీ నేను అందుకు మానేయలేదు. నీకు నొప్పి రావాలని మానేశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దవడ పట్టుకుని ఈ మెట్లెక్కి, "చెల్లీ, కాస్త చూడవే" అని నువ్వు అడగాలని. అంతవరకే కోరుకున్నాను. గొంతు దాకా పోవాలని కోరుకోలేదు. పోతుందని తెలీదా అంటే, తెలుసు. మొదటి సంవత్సరం పుస్తకంలోనే ఉంటుంది.

చివరికి నువ్వు అడగనే లేదనుకో. నోరు పెగలని స్థితిలో నిన్ను వదినే మోసుకొచ్చింది.

ఇదంతా నీకు చెప్పేదాన్ని కాదు. నిజంగా. పన్ను తీసేసి, మందులు రాసిచ్చి, ఇంటికి పంపేసేదాన్ని. కానీ నిన్న ఆసుపత్రి వరండాలో వదిన నా రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వు లేకపోతే ఈ మనిషి నాకు దక్కేవాడు కాదు" అని ఏడ్చింది. నేను చేతులు వెనక్కి లాక్కుందామంటే వదలదే! ఎన్నో నొప్పులు చూశాను గానీ, అలాంటిదానికి సూదిమందు లేదన్నయ్యా.

అలా చూడకు. కళ్ళలో నీళ్ళెందుకు? మత్తు దిగుతోందా? కోపమా? ఏదో ఒకటి, నాకు తెలీడం లేదు. ఇన్నేళ్ళూ నీ నోరు చూసి నీ మనసు చదివినదాన్ని. నోరు మూసుకుంటే నువ్వెవరో నాకే తెలీడం లేదు.

ఇంకో సంగతి. ఈ పన్ను తీశాక దాని పక్కదాని గోడ కనిపించింది. అక్కడా తెల్ల మచ్చ ఉంది. ఇంకా బొక్క పడలేదు. బిళ్ళలు మానేసి, రోజూ సరిగ్గా తోముకుని, నేనిచ్చే పూత మందు వేయించుకుంటే అక్కడితో ఆగొచ్చు. చెప్పాను. విన్నావుగా? ఇంకో డాక్టరు చేత వేయించుకుంటానంటే చీటీ రాసిస్తా, నేనేమీ అనుకోను. అనుకునే అర్హత నాకెక్కడుంది.

ఇంకా పది నిమిషాలుంది నీ అరగంట. తలుపు తీస్తున్నా, వదిన ఎంతసేపని బయట కూర్చుంటుంది? నేను చెప్పిందంతా ఆవిడకి చెప్తావో, కడుపులో పెట్టుకుంటావో, యార్డు నడిబొడ్డున నిలబడి పాట పాడతావో, నీ ఇష్టం. నోరు నీది.

రా వదినా, లోపలికి రా. మాట్లాడించకు, వినడం మాత్రం వింటున్నాడు.